న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నారా? సుత్తి పట్టుకునే ముందు ఇవి చేయండి

ఎడిసన్, మెటచన్, ప్లెయిన్‌ఫీల్డ్ చుట్టుపక్కల మనవాళ్ళు ఇప్పుడు కొత్త టౌన్‌హోమ్సే కాదు పాత ఇళ్ళు కూడా కొంటున్నారు. ట్రైన్ స్టేషన్ దగ్గర, పెద్ద చెట్లు, ముందు వరండా, చూడగానే అమ్మమ్మగారి ఊరు గుర్తొస్తుంది. మేమూ అలాగే పడిపోయాం. టాక్స్ రికార్డులో కట్టిన సంవత్సరం 1900 అని ఉంది, అంతకుమించి ఎవరికీ ఏమీ తెలీదు. కొన్న నెలకే ఒక కాంట్రాక్టర్ వచ్చి చిమ్నీ ఇటుకల మధ్య గార రాలిపోతోంది సార్ అని సిమెంట్ పూసి వెళ్ళాడు, డబ్బులు కూడా తక్కువే అడిగాడు, మనం భలే బేరం అనుకున్నాం. రెండు చలికాలాలు గడిచేసరికి సిమెంట్ రాయిలా అలాగే ఉంది, దాని చుట్టూ ఇటుకలు మాత్రం పెచ్చులూడి కింద లాన్‌లో ఎర్రగా పడి ఉన్నాయి. నూట పాతికేళ్ళు ఏమీ కాని ఇటుక నా చేతిలో రెండేళ్ళకి పోయింది. అందుకే ఇది రాస్తున్నా, ఏది ముందు ఏది తర్వాత చేయాలో నాకు తెలిసినంతలో చెప్తా.

ముందు ఏమీ చేయకండి

నిజంగానే, ఇదే మొదటి స్టెప్. రూఫ్ కారుతుంటే, పాత కరెంటు వైరింగ్ ప్రమాదంగా ఉంటే, భూమిలో పాత ఆయిల్ ట్యాంక్ ఉందేమోనని డౌట్ ఉంటే అవి వెంటనే చూసుకోండి (ఆయిల్ ట్యాంక్ కొనేముందే చెక్ చేయించాలి, న్యూజెర్సీలో అది లీకైందంటే మీ కొంప కొల్లేరే). మిగతావి ఒక ఏడాది ఆగినా కొంప మునగదు. ఈలోపు ప్రతి గదీ నాలుగు గోడలూ, తలుపుల గడియలు, మెట్ల కర్ర, బేస్‌మెంట్ దూలాలు, అటక, బయట నాలుగు వైపులా ఫోటోలు తీసి డేట్ వేసి పెట్టుకోండి. తర్వాత ఏది పీకినా "ఇక్కడ ఏముండేది" అన్న ప్రశ్నకి జవాబు ఆ ఫోటోల్లోనే ఉంటుంది. తీసేసిన తలుపు, పాత హింజులు డంప్‌స్టర్‌లో వేయకండి, బేస్‌మెంట్‌లో ఒక మూల పెట్టండి చాలు.

మీ ఇల్లు ఏ లిస్టులో ఉంది?

ఇక్కడే అందరూ కన్ఫ్యూజ్ అవుతారు కాబట్టి కాస్త నిదానంగా చదవండి. చారిత్రక కట్టడాలకి మూడు రకాల లిస్టులు ఉన్నాయి. ఒకటి నేషనల్ రిజిస్టర్, ఇది 1966 చట్టంతో వచ్చింది. రెండోది న్యూజెర్సీ రిజిస్టర్, ఇది 1970 స్టేట్ చట్టం. మూడోది మీ టౌన్ సొంతంగా పెట్టుకున్న లోకల్ డిజిగ్నేషన్, అంటే టౌన్ ఇచ్చే గుర్తింపు. పేరు చూస్తే నేషనల్ అన్నదే అన్నిటికన్నా గట్టిదనిపిస్తుంది, కానీ మీ సొంత ఇల్లు మీ సొంత డబ్బుతో మార్చుకుంటే నేషనల్ రిజిస్టర్ గానీ స్టేట్ రిజిస్టర్ గానీ మిమ్మల్ని ఆపవు. అవి పట్టుకునేది ప్రభుత్వాన్ని. నేషనల్‌దైతే ఫెడరల్ డబ్బో, ఫెడరల్ పర్మిషనో ఉన్న ప్రాజెక్టు వల్ల మీ ఇంటికి దెబ్బ తగిలేలా ఉంటే రివ్యూ జరగాలి. స్టేట్‌దైతే స్టేట్, కౌంటీ, మునిసిపాలిటీ చేసే పనులకి అదే రూలు. మీ చేయి నిజంగా పట్టుకునేది లోకల్ లిస్టే. మీ ఇల్లు లోకల్ హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే రోడ్డు మీంచి కనపడే మార్పుకి, అంటే కిటికీలు, వరండా, సైడింగ్, కొన్ని టౌన్లలో ఫెన్స్‌కి కూడా, ముందు పర్మిషన్ కావాలి. చిన్న పంచాయతీ ఆఫీసుకే పవర్ ఎక్కువ అన్నమాట.

చూసుకోవడం ఈజీనే. స్టేట్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ ఆఫీసు, అందరూ హెచ్‌పీఓ అంటారు, వాళ్ళది ఒక ఆన్‌లైన్ మ్యాప్ ఉంది, పేరు లూసీ. మీ అడ్రస్ దగ్గరికి జూమ్ చేస్తే రిజిస్టర్‌లో ఉన్న బిల్డింగులు, డిస్ట్రిక్టులు కనిపిస్తాయి. కొన్నిటికి "ఎలిజిబుల్" అని ఉంటుంది, అంటే అర్హత ఉందని ఆఫీసు అభిప్రాయం చెప్పింది గానీ లిస్టులోకి ఎక్కించలేదని. లోకల్ డిజిగ్నేషన్‌కి మాత్రం మ్యాప్‌ని నమ్ముకోకండి, టౌన్ జోనింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి బ్లాక్, లాట్ నంబర్లు చెప్పి అడగండి, జవాబు ఈమెయిల్‌లో రాసిమ్మనండి.

ఆ లూసీ పేరు వెనక కథ చెప్పకుండా ఉండలేను. అట్లాంటిక్ సిటీ పక్కన మార్గేట్‌లో సముద్రం ఒడ్డున 65 అడుగుల ఎత్తు ఏనుగు ఉంది, చెక్కతో కట్టి పైన రేకు తొడిగారు, లోపలికి మెట్లెక్కి వెళ్ళొచ్చు. 1881లో జేమ్స్ లాఫర్టీ అనే ఆయన కట్టించాడు, ఎందుకంటే ప్లాట్లు అమ్ముకోవడానికి! మన రియల్ ఎస్టేట్ వెంచర్ల ముందు పెద్ద ఆర్చీ, ఫౌంటెనూ పెడతారు చూడండి, అదే టైపు. 1960ల నాటికి శిథిలమై కూల్చేసే పరిస్థితి వస్తే ఊరి జనం కమిటీ పెట్టి చందాలు పోగుచేసి 1970లో ఆ ఏనుగుని అలాగే పక్క స్థలానికి జరిపారు, 1976లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ కూడా అయింది. ఇప్పుడు స్టేట్ మ్యాప్‌కి దాని పేరే.

ఇంటిని చదవండి

కాగితాలకన్నా ముందు అటక ఎక్కండి, టార్చి తీసుకుని. మేకులు చూడాలి. కమ్మరి చేత్తో కొట్టినవైతే తల వంకరటింకరగా ఉంటుంది, 1800కి ముందువి అయ్యే అవకాశం ఎక్కువ. రెండు వైపులా సన్నబడుతూ చివర మొద్దుగా, నలుచదరంగా ఉంటే అవి మెషీన్ మీద కోసిన కట్ నెయిల్స్, దాదాపు 1800ల శతాబ్దమంతా అవే. మనకి తెలిసిన గుండ్రటి తీగ మేకులైతే 1890 ప్రాంతం నుంచి. తర్వాత దూలాల మీద రంపం గీతలు చూడండి, నిటారుగా వరసగా ఉంటే పాత నిలువు రంపం, విల్లులా వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపం, అది తర్వాతది. ఒక్క మేకు చూసి తీర్పు ఇవ్వకండి, పాత చెక్క తీసి మళ్ళీ వాడటం ఇక్కడా మామూలే. మా ఇంట్లో ముందు భాగమంతా కట్ నెయిల్స్, వెనక వంటగది పైకప్పులో మాత్రం గుండ్రటివి. అంటే వంటగది తర్వాత కలిపారు. నేను ఆ అటకలో మోకాళ్ళ మీద కూర్చుని, జుట్టు నిండా దుమ్ముతో, ఫోన్ లైట్ వేసి మేకు తల చూస్తుంటే మా ఆవిడ కింద నుంచి "ఏమైనా లంకెబిందెలు దొరికాయా" అని అడిగింది. దాదాపు అంతే అన్నా.

కొన్ని ఇళ్ళు తమ పుట్టిన తేదీ అవే చెప్తాయి. దక్షిణాన సేలం కౌంటీలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళ పాత ఇటుక ఇళ్ళు చూడండి, పక్క గోడలో నీలిబూడిద రంగులో మెరిసే ఇటుకలతో డిజైన్లు అల్లి పైన భార్యాభర్తల పేర్ల మొదటి అక్షరాలు, సంవత్సరం వేసేవాళ్ళు. హాంకాక్ హౌస్ గోడ మీద 1734 అని ఇప్పటికీ కింద నుంచే చదవొచ్చు. సియర్స్ కంపెనీ 1908 నుంచి 1940 దాకా కేటలాగులో ఇళ్ళనే అమ్మింది, కిట్ లాగా రైల్లో దిగేది. మీది ఆ కాలంనాటిదైతే బేస్‌మెంట్ దూలాల చివర్లలో స్టాంప్ కొట్టిన అక్షరం, నంబర్లు ఉన్నాయేమో వెతకండి.

లింకు డాక్యుమెంట్లు లాగండి

మన దగ్గర స్థలం కొనేముందు ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు చూస్తాం కదా, అదే పని. డీడ్స్, అంటే ఇక్కడి రిజిస్ట్రేషన్ దస్తావేజులు, కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి (ఎసెక్స్, హడ్సన్ లాంటి చోట్ల రిజిస్టర్ ఆఫీసు వేరే), మిడిల్‌సెక్స్ కౌంటీకి న్యూ బ్రన్స్‌విక్ వెళ్ళాలి. కొత్తవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పాతవాటికి కొన్నిసార్లు పుస్తకాలో మైక్రోఫిల్మో తిప్పాల్సిందే. మీ పేరుతో మొదలుపెట్టి మీకు అమ్మినవాళ్ళు ఎవరి దగ్గర కొన్నారు, వాళ్ళు ఎవరి దగ్గర కొన్నారు అని వెనక్కి నడవాలి. చాలా డీడ్లలో చివర "ఫలానావారు ఫలానా తేదీన రాసిచ్చిన ఆస్తే ఇది" అన్న వాక్యం ఉంటుంది, బుక్ నంబరు, పేజీ నంబరు కూడా అక్కడే. అది దొరికితే తీగ దొరికినట్టే. ఎక్కడైనా తెగిందంటే ఆ ఇంటాయన పోయి పిల్లలకి వచ్చి ఉంటుంది, అప్పుడు వీలునామాలు చూడాలి. బాగా పాతవి, కాలనీ రోజులవైతే ట్రెంటన్‌లో స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి. హద్దులు చదువుతుంటే సరదాగా ఉంటుంది, తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై ఇన్ని చైన్లు ఇన్ని లింకులు తూర్పుకి అని రాస్తారు, ఒక చైన్ అంటే 66 అడుగులు, అందులో 100 లింకులు.

ఒక మాట గుర్తుపెట్టుకోండి, డీడ్ స్థలం గురించి చెప్తుంది, ఇల్లు ఎప్పుడు కట్టారో చెప్పదు. ధర చూసి ఊహించాలి. మా స్థలం 1886లో 300 డాలర్లు, 1889లో అమ్మినప్పుడు 1,800. మూడేళ్ళలో మట్టికి ఆరు రెట్లు రాదు కదా, మధ్యలో ఇల్లు లేచింది. టాక్స్ రికార్డులో 1900 అని ఎవరో గుమస్తా రౌండ్‌గా వేసేశాడు, ఇలాంటివి చాలా ఉంటాయి, నమ్మకండి.

దాన్ని పక్కాగా తేల్చుకోవడానికి శాన్‌బోర్న్ మ్యాపులు చూడండి. ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీల కోసం గీసినవి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి. గులాబీ రంగు ఇటుక, పసుపు చెక్క, నీలం రాయి. ఇంటి మీద డి అని ఉంటే నివాసం, ఎస్ అంటే షాపు. మా వీధి పాత షీటులో పసుపు పెట్టె ఒకటే ఉంది, తర్వాత షీటులో దాని వెనక చిన్న పెట్టె అతుక్కుని ఉంది, అదే మా వంటగది, మేకులు చెప్పింది కరెక్టే. మనుషుల కోసం సెన్సస్ చూడాలి. 1890 ఫెడరల్ సెన్సస్ చాలావరకు 1921 అగ్నిప్రమాదంలో పోయింది, కానీ న్యూజెర్సీకి అదృష్టం ఏంటంటే 1855 నుంచి 1915 దాకా పదేళ్ళకోసారి స్టేట్ సొంత సెన్సస్ చేసింది, 1885, 1895 అందులో దొరుకుతాయి. 1950 దాకా ఫెడరల్ సెన్సస్ అందరికీ ఓపెన్. పక్కింటి పెద్దావిడతో మాట్లాడటం కూడా ఇందులో భాగమే, ఒక డబ్బాలో లడ్డూలు పట్టుకెళ్ళండి, మా వరండా ఫోటో, 1950ల నాటిది, ఆవిడ ఆల్బంలోనే దొరికింది.

ఇప్పుడు రిపేర్లు

మా చిమ్నీ సంగతికి వద్దాం. పాత ఇటుక మెత్తది, దాని మధ్య వేసింది సున్నం గార. మన తాతల ఇళ్ళలో గానుగ సున్నం అంటామే, తెలంగాణలో డంగు సున్నం అంటారు, దాని చుట్టమే. గోడలోకి వెళ్ళిన తడి ఆ సున్నం అతుకుల్లోంచి మెల్లగా బయటికి ఆరిపోతుంది. అక్కడ గట్టి పోర్ట్‌లాండ్ సిమెంట్ వేస్తే దారి మూసేసినట్టు, తడి ఇటుకలోంచే రావాలి, జనవరిలో అది లోపలే గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం ఊడిపోతుంది. అతుకులో పాత గారని తాళంచెవితో గీసి చూడండి, పొడిగా రాలి మధ్యలో తెల్లటి సున్నపు గడ్డలు కనిపిస్తే అది సున్నం గారే, కొత్తది కూడా దానికన్నా గట్టిగా ఉండకూడదు. కాంట్రాక్టర్‌ని "మీరు ఏ మిక్స్ వాడతారు, ఇంతకుముందు సున్నంతో చేసిన ఇల్లు చూపించండి" అని అడగండి, "సిమెంట్ ఇంకా స్ట్రాంగ్ సార్" అంటే టీ ఇచ్చి పంపించేయండి. సిమెంట్ మీద నాకేం కోపం లేదు, బల్బు థామస్ ఎడిసన్ మహానుభావుడు ఈ రాష్ట్రంలోనే సిమెంట్ కంపెనీ పెట్టాడు, దేని చోటు దానిది. నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళు ప్రిజర్వేషన్ బ్రీఫ్స్ అని చిన్న చిన్న గైడ్లు ఫ్రీగా పెట్టారు, 2వ నంబరు ఇటుక అతుకుల మీద, 9వది చెక్క కిటికీల మీద, ఆ రెండూ చదివితే కాంట్రాక్టర్ ముందు తడబడరు.

కిటికీల విషయం కూడా అంతే. చెక్క కిటికీ పీకి వైనిల్ (ప్లాస్టిక్) కిటికీ పెట్టించుకోమని ప్రతివాడూ చెప్తాడు. పాత చెక్క దట్టమైనది, అలాంటిది ఇప్పుడు కొందామన్నా దొరకదు. కిటికీ ఎత్తి దించడానికి లోపలుండే తాడు తెగితే మార్చుకోవచ్చు, అద్దం పగిలితే ఆ ఒక్కటే వేయించుకోవచ్చు, బయట మంచి స్టార్మ్ విండో (పైన వేసే రెండో కిటికీ) బిగిస్తే చలి కూడా చాలావరకు ఆగుతుంది. వైనిల్‌ది సీల్ పోతే మొత్తం మార్చాల్సిందే. పెయింట్ గీకేముందు మాత్రం ఆగండి, 1978కి ముందు ఇళ్ళలో సీసం ఉన్న పెయింట్ ఉండొచ్చు, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము చాలా డేంజర్, లెడ్ సర్టిఫికేషన్ ఉన్న మనిషితోనే చేయించండి.

వాస్తు, పర్మిషన్

నవ్వకండి, మనవాళ్ళకి ఇది పెద్ద విషయమే. గుమ్మం దక్షిణం ఫేసింగ్, మామయ్యగారు ఇండియా నుంచి వీడియో కాల్‌లో చూసి మూసేయమన్నారు. లోకల్ డిస్ట్రిక్ట్‌లో ముందు గుమ్మం మార్చడానికి పర్మిషన్ దొరకడం కష్టం. నాకు తెలిసినవాళ్ళు ముందు తలుపు అలాగే ఉంచి, తూర్పు పక్క తలుపుకి పసుపు కుంకుమలు పెట్టి గడప పూజ చేసుకుని రోజూ అటే నడుస్తున్నారు, టౌన్‌కీ ఇబ్బంది లేదు మామయ్యగారికీ ఇబ్బంది లేదు.

పర్మిషన్‌కి వెళ్ళేటప్పుడు పని మొదలుపెట్టకముందే టౌన్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ కమిషన్‌కి అప్లికేషన్ పెట్టాలి. ఇప్పటి ఫోటో, పాత ఫోటో దొరికితే అది, వాడబోయే మెటీరియల్ వివరాలు. ఫైనల్ డ్రాయింగుల మీద డబ్బు తగలేసేముందు ఊరికే ఆలోచన చెప్పి వాళ్ళ మాట వినండి, చాలా కమిషన్లు దానికి ఒప్పుకుంటాయి. వాళ్ళు ఎక్కువమంది వాలంటీర్లే, పాత ఇళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు, గొడవకి వెళ్తే గొడవే, సలహా అడిగితే మీకన్నా ఎక్కువ హుషారు.

రిజిస్టర్‌కి ఎక్కించాలంటే

మన ఊళ్ళలో ఏ కొండ చూసినా పాండవులు వనవాసంలో ఇక్కడ ఆగారు అంటారు కదా, న్యూజెర్సీలో ఏ పాత ఇల్లు చూసినా జార్జ్ వాషింగ్టన్ ఇక్కడ పడుకున్నాడు అంటారు. నిజంగానే అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో చాలారోజులు ఇక్కడే ఉన్నాడు, మోరిస్‌టౌన్‌లో 1779-80 చలికాలం ఫోర్డ్ మాన్షన్‌లో గడిపాడు. మనం సమోసాలు తినే ఓక్ ట్రీ రోడ్డు దగ్గరే 1777 జూన్ 26న షార్ట్ హిల్స్ యుద్ధం జరిగింది, ఓక్ ట్రీ పాండ్ దగ్గర పార్కు కూడా ఉంది, ఎంతమంది చూశారు? అయితే మీ ఇంటికి వాషింగ్టన్ అక్కర్లేదు. సాధారణంగా 50 ఏళ్ళు దాటాలి, ముఖ్యమైన సంఘటనతోనో, ముఖ్యమైన మనిషితోనో సంబంధం ఉండాలి, లేదా ఆ కాలపు కట్టడానికి మంచి ఉదాహరణ అయ్యుండాలి, లేదా తవ్వితే చరిత్ర చెప్పే చోటయ్యుండాలి. పైగా అసలు రూపం చాలావరకు మిగిలుండాలి, అందుకే వైనిల్ తొందర వద్దంటున్నా.

ముందు హెచ్‌పీఓకి ప్రిలిమినరీ అప్లికేషన్ పంపండి, అర్హత ఉందో లేదో చెప్తారు. ఉందంటే పెద్ద నామినేషన్ రాయాలి, మీరు పోగుచేసిన డీడ్లు, మ్యాపులు అన్నీ ఇక్కడ పనికొస్తాయి. అది స్టేట్ రివ్యూ బోర్డు ముందుకెళ్ళి, స్టేట్ ఆఫీసర్ సంతకంతో న్యూజెర్సీ రిజిస్టర్‌లోకి, అక్కడ్నించి నేషనల్ రిజిస్టర్ కోసం వాషింగ్టన్ డీసీకి. నెలల తరబడి పడుతుంది. డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు, ఫెడరల్ 20 శాతం టాక్స్ క్రెడిట్ అద్దెకిచ్చే లేదా వ్యాపారం నడిచే బిల్డింగులకే, మీరు కాపురముండే ఇంటికి రాదు. ప్రాపర్టీ టాక్స్ కూడా దీనివల్ల తగ్గదు, అది తగ్గే యోగం మన జాతకంలో లేదు.

పక్కిల్లు కూల్చేస్తుంటే

థామస్ ఎడిసన్ మెన్లో పార్క్ ల్యాబ్ 1876లో మొదలైంది, ఇప్పుడు అక్కడ ల్యాబ్ లేదు. శిథిలమైపోతే మిగిలిన చెక్కలు, అక్కడి మట్టితో సహా హెన్రీ ఫోర్డ్ మిషిగన్ పట్టుకెళ్ళి 1929 నాటికి అక్కడ మళ్ళీ కట్టించుకున్నాడు. మనకి మిగిలింది 1937లో కట్టిన టవర్. ఇంకోపక్క పార్సిపనీలో ఫర్నిచర్ డిజైనర్ గుస్టావ్ స్టిక్లీ దుంగల ఇల్లు, క్రాఫ్ట్స్‌మన్ ఫార్మ్స్, అక్కడ టౌన్‌హౌసులు రాబోతుంటే 1989లో టౌన్‌షిప్ ఆ భూమిని సేకరించి నిలబెట్టింది. కేప్ మేలో ఫిజిక్ ఎస్టేట్ 1879 నాటిది, 1970లో కూల్చే మాట వస్తే జనం సంస్థ పెట్టి కాపాడుకున్నారు, ఇప్పుడు టికెట్ కొనుక్కుని చూస్తున్నాం.

కాబట్టి ప్లాట్ విడగొడుతున్నామనో, వేరియన్స్ (జోనింగ్ రూల్ నుంచి మినహాయింపు) కావాలనో 200 అడుగుల లోపలున్న మీకు సర్టిఫైడ్ లెటర్ వస్తే చెత్తబుట్టలో వేయకండి. అందులో హియరింగ్ తేదీ ఉంటుంది. ఫైల్ ముందే ఆఫీసుకెళ్ళి చూడొచ్చు, అది పబ్లిక్‌దే. ఆ ఇల్లు లూసీలో ఎలా ఉందో ప్రింట్ తీయండి, శాన్‌బోర్న్ షీట్ ప్రింట్ తీయండి. మీటింగులో మైకు దగ్గర పేరు, అడ్రస్ చెప్పి మొదలుపెట్టాలి, చాలాచోట్ల కొద్ది నిమిషాలే ఇస్తారు, కాబట్టి "మా వీధి అందం" లాంటి మాటలు వదిలేసి ఏ సంవత్సరం, ఎవరు కట్టారు, రికార్డు ఎక్కడుందో అది చెప్పండి. మీ ప్రింట్లు బోర్డులో ఎంతమంది ఉంటే అన్ని కాపీలు తీసుకెళ్ళండి, ఒకటి ఎక్స్‌ట్రా, సెక్రటరీకి, మినిట్స్‌తో పాటు ఫైల్లో పెట్టమని అడిగి మరీ ఇవ్వండి.